అల్మాటీ నుంచి బుఖారా దాకా ఇద్దరమే: ఏది ముందు, ఏది తర్వాత?

బ్రాడీపేట 4వ లైను:

మాది గుంటూరు. నాకు 52, మా ఆవిడకి 48. ఈ దసరాకి ప్యాకేజీ టూరు కాకుండా ఇద్దరమే కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వెళ్దామనుకుంటున్నాం. చేతిలో 14 రాత్రులు ఉన్నాయి. కాగితం మీద రాసుకున్న వరస ఇది: గన్నవరం, ఢిల్లీ, అల్మాటీ, తాష్కెంట్, సమర్‌ఖండ్, బుఖారా, ఖీవా, మళ్లీ అల్మాటీ, ఢిల్లీ. కుదిరితే మధ్యలో జార్జియా.

ఇంకా ఏదీ కొనలేదు. మా ఆవిడ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే పడింది. దీనివల్ల ఇబ్బందా? తను గుడ్డు కూడా ముట్టదు, అక్కడ తిండి దొరుకుతుందా? డబ్బు ఎలా పట్టుకెళ్లాలి? వివరంగా చెప్పగలరు.

కృష్ణలంక కరకట్ట:

ముందు పేరు సంగతి తేల్చండి సార్, మిగతావన్నీ దాని వెనకే.

పాస్‌పోర్టు ఫొటో పేజీలో అడుగున రెండు లైన్లు ఉంటాయి చూడండి. విమానాశ్రయంలో మిషన్ చదివేది వాటినే. పై లైనులో మన దేశానికి వేసిన మూడక్షరాల తర్వాత మొదట వచ్చేది సర్‌నేమ్. బాణం ములుకు లాంటి గుర్తులు రెండు పక్కపక్కన పడితే సర్‌నేమ్ అక్కడితో అయిపోయినట్టు, ఆ తర్వాతది గివెన్ నేమ్. సర్‌నేమ్ గడి ఖాళీ అయితే పేరంతా ఆ మొదటి చోటుకే వచ్చేస్తుంది. అంటే ఫొటో పక్కన అచ్చులో గివెన్ నేమ్ అని కనిపించేదాన్ని మిషన్ సర్‌నేమ్‌గా చదువుతుంది. టికెట్ ఒక రకంగా, ఈ-వీసా ఇంకో రకంగా నింపితే చెక్-ఇన్ కౌంటర్లో ఆపేది ఇక్కడే. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసుకునే మన వాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ.

టైముంది కాబట్టి విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీ-ఇష్యూకి పెట్టి సర్‌నేమ్ చేర్పించండి. కొత్త పుస్తకం వస్తే నంబరు మారిపోతుంది, అందుకే అది చేతికి వచ్చేదాకా టికెట్టూ వద్దు, వీసా దరఖాస్తూ వద్దు. ఒకవేళ పాతదానితోనే వెళ్లాల్సి వస్తే, ఒంటిపేరుని రెండు గడుల్లో ఎలా నింపాలో విమాన సంస్థను ముందే మెయిల్‌లో అడిగి, ఆ జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ 2022 నవంబరు నుంచి రానివ్వడం లేదు. కాబట్టి వస్తూ దుబాయ్ కూడా చూద్దామని టికెట్ తీస్తే అక్కడ ఇరుక్కుంటారు.

ఇక వీసా. కజకిస్తాన్‌కి మనకు వీసా అక్కర్లేదు. 2022 జులై నుంచి ఒక్కో విడతకి 14 రోజులు ఉండొచ్చు, 180 రోజుల్లో మొత్తం 42 దాటకూడదు. ఉజ్బెకిస్తాన్‌కి ఈ-వీసా కావాలి: ఒక్కసారి ప్రవేశానికి మనిషికి 20 డాలర్లు, 30 రోజుల బస. మూడు పనిదినాలు పడుతుందంటారు, మీరు మూడు వారాలు పెట్టుకోండి. మరీ ముందే తీసుకున్నా లాభం లేదు, వచ్చిన రోజు నుంచి 90 రోజులే చెల్లుతుంది. వెతికితే సర్కారు సైటు కంటే ముందు దానిలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు వస్తాయి. చిరునామా చివర ‘గవ్ డాట్ యూజెడ్’ ఉంటేనే డబ్బు కట్టండి. సమర్‌ఖండ్ నుంచి ఒక్క పూట తజికిస్తాన్ పంజకెంట్ చూసొద్దామనుకుంటే ఈ 20 డాలర్ల వీసా పనికిరాదు, రెండుసార్ల ప్రవేశం ఉన్నది తీసుకోవాలి.

జార్జియా తీసేయండి. మధ్యలో కాస్పియన్ సముద్రం అడ్డం. విమానం వేరే, వీసా వేరే, రానూపోనూ రెండు రోజులు గాల్లోనే పోతాయి.

లబ్బీపేట రైలు:

పై ఆయన చెప్పినవన్నీ సరే. నేను దారి వరకు చెప్తాను.

మళ్లీ అల్మాటీకి వెనక్కి రావొద్దు. ఢిల్లీ నుంచి అల్మాటీ, తిరుగుప్రయాణం తాష్కెంట్ నుంచి ఢిల్లీ తీసుకోండి. అలా అయితే ఒక పగలంతా మిగులుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేశాక ఇండిగో అల్మాటీ, తాష్కెంట్ సర్వీసులు ఆపేసింది. ఇప్పుడు నడుస్తున్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఎయిర్ అస్తానా, ఉజ్బెకిస్తాన్ ఎయిర్‌వేస్ వైపు చూడండి. వెళ్లేది ఒక సంస్థ, వచ్చేది ఇంకోటి అయితే ఎక్కేటప్పుడే తిరుగు టికెట్ అడుగుతారు, ప్రింటు చేతిలో ఉండాలి.

గన్నవరం–ఢిల్లీ టికెట్ విడిగా కొంటే మూడు చిక్కులు. ఒకటి, ఢిల్లీలో సామాను దించుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, టెర్మినల్ కూడా మారాల్సి రావచ్చు. రెండు, దేశంలో తిరిగే విమానంలో సాధారణంగా 15 కిలోలే ఇస్తారు. అల్మాటీ విమానంలో 23 ఉందని పెట్టె నింపితే గన్నవరంలోనే అదనపు డబ్బు కట్టాలి. మూడు, మొదటి విమానం లేటై రెండోది తప్పితే రెండో సంస్థకి సంబంధం లేదు, ఆ టికెట్ పోయినట్టే. కనీసం ఆరు గంటలు తేడా పెట్టండి. డిసెంబరు, జనవరిలో అయితే ముందురోజే ఢిల్లీ చేరమంటాను. ఢిల్లీ పొగమంచు సరే, గన్నవరంలోనూ తెల్లవారుజామున మంచు పడుతుంది.

ఖీవా ఉంచుకోవాలంటే వరస తిప్పేయండి. అల్మాటీ 4 రాత్రులు, తాష్కెంట్ 1. మర్నాడు విమానంలో ఉర్గెంచ్ దిగి ఖీవా 2. అక్కడి నుంచి అన్నీ రైళ్లే: బుఖారా 2, సమర్‌ఖండ్ 3, తాష్కెంట్ 2. అన్నిటికన్నా దూరమైనదాన్ని ముందు ముగించి ఇంటివైపు జరుగుతూ రావడం ఇందులో కిటుకు. రైలు తప్పినా, ఒంట్లో బాగోకపోయినా తాష్కెంట్ దగ్గరవుతూనే ఉంటుంది. నన్నడిగితే మొదటిసారికి ఖీవా వదిలేసి బుఖారాలో ఇంకో రాత్రి, తాష్కెంట్‌లో ఇంకో రాత్రి ఉండటం మేలు. రోజూ పెట్టెలు సర్దుకోవడమే ఎక్కువ అలసట.

అఫ్రోసియాబ్ అని హైస్పీడ్ రైలు, 2011 నుంచి నడుస్తోంది. తాష్కెంట్–సమర్‌ఖండ్ రెండు గంటల పైచిలుకు. సీట్లు తొందరగా అయిపోతాయి, నెలా నెలన్నర ముందు నుంచే చూస్తూ ఉండండి. ఆన్‌లైన్లో మన కార్డు తీసుకోకపోతే స్టేషన్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి కొనుక్కోవచ్చు. అఫ్రోసియాబ్ దొరకలేదని కంగారు పడొద్దు, అదే దారిలో నెమ్మది రైళ్లూ ఉన్నాయి. టికెట్ మీద స్టేషన్ పేరు మాత్రం చూసుకోండి. మనకు గుంటూరు, న్యూ గుంటూరు ఉన్నట్టే తాష్కెంట్‌కి ఉత్తరం, దక్షిణం అని రెండు స్టేషన్లు. బుఖారా స్టేషనైతే అసలు బుఖారాలో లేదు, కగాన్‌లో ఉంది, పాత ఊరికి పది కిలోమీటర్ల పైనే. టాక్సీ టైము కలుపుకోండి. స్టేషన్ గేటులోనే పాస్‌పోర్టు చూసి సామాను స్కాన్ చేస్తారు, 45 నిమిషాల ముందు చేరాలి.

చలి గురించి ఒక్క మాట. అల్మాటీలో మెదెవు స్కేటింగ్ రింక్ 1,691 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి రోప్‌వే ఎక్కితే షిమ్‌బులాక్ 2,260 మీటర్లు, ఇంకా పైకి 3,200 దాకా వెళ్లొచ్చు. సెప్టెంబరు చివరైనా పైన చలి కోట్లు కావాలి. ఊళ్లో చొక్కాతో తిరిగాం కదా అని అలాగే ఎక్కకండి.

సత్యనారాయణపురం వంటిల్లు:

అక్కయ్యగారి తిండి గురించి. దొరుకుతుంది, కాకపోతే అడిగే తీరులో అడగాలి. ‘వెజిటేరియన్’ అంటే మాంసం ముక్కలు ఏరేసి పెట్టేవాళ్లుంటారు. రష్యన్‌లో ‘బేజ్ మ్యాసా’, ఉజ్బెక్‌లో ‘గోష్త్‌సిజ్’ అంటే మాంసం లేకుండా అని. ఆ తర్వాత ‘రసం కూడా మాంసానిదేనా’ అని ఫోన్లో అనువాదం చేసి చూపించండి. సూపులు, లగ్మాన్ నూడుల్స్ ముక్కలు లేకపోయినా మాంసం ఉడికిన నీళ్లతోనే చేస్తారు. ప్లోవ్ అన్నం గొర్రె కొవ్వులో వేగుతుంది కాబట్టి పక్కకి తీసిపెట్టినా పనికిరాదు. కజకిస్తాన్‌లో గుర్రం మాంసం మామూలు తిండి. సలాడ్‌లో కూడా ముక్కలు పడొచ్చు, అడిగి తినండి.

ధైర్యంగా తినగలిగినవి: తందూరులో కాల్చిన నోన్ రొట్టె, టమాటా ఉల్లిపాయ చక్రాల్లా తరిగిన అచిచుక్, గుమ్మడికాయ కూరిన సమ్సా (కొవ్వు, గుడ్డు పూత లేవని అడిగి). పెరుగు దొరుకుతుంది, కాతిక్ అంటారు. కమ్మగా, గట్టిగా ఉంటుంది, పెరుగన్నానికి భేషుగ్గా సరిపోతుంది. సెప్టెంబరులో తాష్కెంట్ చోర్సు బజారులో, అల్మాటీ గ్రీన్ బజారులో ద్రాక్ష, కర్బూజా, అంజీర్ రాశులు పోసి ఉంటాయి. సీసా నీళ్లు కొనేటప్పుడు ‘బేజ్ గాజా’ అనండి, లేకపోతే గ్యాసు నీళ్లు చేతిలో పెడతారు.

ఇంటి నుంచి: కందిపొడి 300 గ్రాములు, కరివేపాకు పొడి 200, అటుకులు అర కిలో, ఉప్మా ప్యాకెట్లు పది. ఇద్దరికీ పొద్దుటి పూటలు గడిచిపోతాయి. ఆవకాయ, గోంగూర సీసా ముప్పావు వంతే నింపండి. నూనె పైకి తేలి మూత సందులోంచి కారుతుంది కాబట్టి మూత కింద ప్లాస్టిక్ కాగితం, పైన టేపు, ఆపైన రెండు జిప్ కవర్లు. పచ్చళ్లు, కారప్పొడులు చెక్-ఇన్ పెట్టెలోనే. ఎండుకొబ్బరి చిప్పలు ఇంట్లోనే వదిలేయండి, నూనె ఎక్కువని విమానంలోకి అనుమతించరు.

అక్కడ కరెంటు దాదాపు మనలాగే, 220 వోల్టులు. ఫోన్ ఛార్జరు రెండు పుల్లలది సరిగ్గా దూరుతుంది. చిన్న కుక్కరుకి ఉండే లావు మూడు పుల్లల ప్లగ్ దూరదు, అడాప్టరు కావాలి. దాని మీద 6 ఆంపియర్లు అని ఉంటే 800 వాట్ల కుక్కరుకి చాలు. 1500 వాట్ల కెటిల్ పెడితే ఏడు ఆంపియర్ల దాకా లాగి అడాప్టరు వేడెక్కుతుంది. హోటల్ గదిలో వంట చాలాచోట్ల ఒప్పుకోరు కాబట్టి అల్మాటీలో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి.

గవర్నర్‌పేట రొక్కం:

డాలర్ నోట్లు ఇక్కడ ఫారెక్స్ షాపులో కౌంటరు దగ్గరే నిలబడి ఒక్కొక్కటీ చూసుకోండి. మడత గీత, పెన్ను గీత, బ్యాంకు ముద్ర, చిన్న చిరుగు ఉన్నా అక్కడ తిప్పి ఇచ్చేస్తారు. వంద నోట్లు నీలం పట్టీ ఉన్న 2013 తర్వాతి డిజైన్‌వే అడగండి. మనిషికి 3,000 డాలర్ల దాకా నోట్లుగా ఇస్తారు గానీ అంత వద్దు. ఇద్దరికీ కలిపి 700, 800 నోట్లు, మిగతాది కార్డులో. యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. ఉజ్బెకిస్తాన్‌లో ఒక డాలరుకి 12,000 సోమ్‌ల దరిదాపుల్లో వస్తుంది, సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి.

కార్డులు రెండు వేర్వేరు ఖాతాలవి, చెరో సంచిలో. ఒకే ఖాతా మీద రెండు కార్డులుంటే బ్యాంకు ఆపిందంటే రెండూ ఆగిపోతాయి. కార్డులో విదేశీ వాడకం ఆఫ్‌లో ఉంటుంది, బయల్దేరే ముందే ఆన్ చేయండి. ఏటీఎం ‘రూపాయల్లో లెక్క కట్టమంటారా’ అని అడిగితే వద్దని నొక్కి అక్కడి డబ్బులోనే తీసుకోండి, రూపాయల్లో అంటే రేటు బాగా కోసేస్తారు. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది కాబట్టి రోమింగ్ ఇక్కడే తెరిపించుకోండి. డేటాకి అక్కడి సిమ్ గానీ ఈ-సిమ్ గానీ వేసుకోవచ్చు. రెండు దేశాల్లోనూ టాక్సీకి యాండెక్స్ గో వాడతారు. ఆ యాప్‌లో నంబరు నిర్ధారణ గుంటూరులో ఉండగానే పూర్తి చేయండి.

ఇంకో రెండు. ఉజ్బెకిస్తాన్‌లో విదేశీయులు ఎక్కడ బసచేస్తే అక్కడ నమోదు కావాలి. హోటళ్లు వాళ్లే చేస్తారు, చీటీ అడిగి తీసుకోండి. తెలిసినవాళ్ల ఇంట్లో దిగితే ఇంటివాళ్లు చేయించాలి. రాత్రి రైల్లో గడిచినప్పుడు టికెట్ దాచుకోండి. మందుల్లో ట్రమడాల్, కోడిన్ ఉన్న దగ్గు మందులు, నొప్పి బిళ్లలు అసలు వద్దు. బీపీ, షుగర్ బిళ్లలకి మందు అసలు పేరు రాసిన చీటీ, అసలు స్ట్రిప్పుతో సహా పెట్టుకోండి.

బ్రాడీపేట 4వ లైను:

అందరికీ ధన్యవాదాలండి. జార్జియా కొట్టేశాం, ఖీవా కూడా. ఒక్క అనుమానం: రీ-ఇష్యూలో మా ఆవిడకి నా ఇంటిపేరే పెట్టాలా, పుట్టింటిదా? ఆధార్, పాన్ రెండిట్లో పుట్టింటిదే ఉంది.

కృష్ణలంక కరకట్ట:

పుట్టింటిదే పెట్టండి. ఆధార్, పాన్‌తో కలవాలి, ఫారెక్స్ కార్డు తీసుకునేటప్పుడు పాన్‌లో పేరు చూస్తారు. భార్యాభర్తల సర్‌నేమ్‌లు వేరైతే ఆ రెండు దేశాల్లోనూ అడ్డం లేదు. దరఖాస్తులో భర్త పేరు గడి నింపండి చాలు.

పుస్తకం వచ్చాక మొదట విమానం, తర్వాత రద్దు చేసుకునే వీలున్న హోటళ్లు, మూడు వారాల ముందు ఈ-వీసా. రైళ్లు మాత్రం బుకింగ్ తెరవగానే. వీసా ఫారంలో నంబరు టైపు చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: మన పాస్‌పోర్టు నంబరులో మొదటిది ఒక్కటే అక్షరం, మిగతా ఏడూ అంకెలే. గుండ్రంగా కనిపించేది సున్నాయే, ‘ఓ’ అక్షరం కాదు.