నాన్నతో వార్తల గురించి ఎలా మాట్లాడాలి?

మాది నెల్లూరు జిల్లాలో చిన్న ఊరు. నాన్న పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చుంటే చర్చలన్నీ అయ్యేదాకా లేవరు. ఢిల్లీలో ఎవరు ఎవర్ని తిట్టారో పూసగుచ్చినట్టు చెబుతారు. మా వార్డు మెంబరు పేరు అడిగితే మాత్రం తడుముకున్నారు. వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియో అబద్ధమన్నందుకు మొన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. చాలా బాధేసింది.

1990ల మొదట్లో మా జిల్లా దూబగుంటలోనే అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. చదివిన పాఠంలో తమ ఇంటి కష్టం కనిపించింది కాబట్టే కదిలారని నా నమ్మకం. అందుకే మా పంచాయతీ నిధుల లెక్కలు ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్‌లో తీసి నాన్నకు చూపించాలనుకుంటున్నాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లతో ఇలా ఎవరైనా చేశారా? గొడవ కాకుండా మాట ఎలా మొదలుపెట్టాలి?