కొలంబోకి మిర్చి మొదటి ఆర్డర్: డబ్బు ఏ పద్ధతిలో తీసుకోవాలి?

గుంటూరు_తేజ అడిగారు:

అందరికీ నమస్కారం. తొడిమ తీసిన తేజ కాయ 14 టన్నులు కావాలని కొలంబో పార్టీ అడుగుతున్నారు. 40 కిలోల బస్తాలు 350, చెన్నై నుంచి ఒక 40 అడుగుల కంటైనర్. ఓడ కిరాయి మాదే, అంటే సీఎఫ్ఆర్ రేటు, కిలో 2 డాలర్లు. మొత్తం 28,000 డాలర్లు. ఐఈసీ (ఎగుమతిదారు కోడ్), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఈ ఏడాది జీఎస్టీ ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) ఉన్నాయి. ఇంతవరకు వేరే ఎగుమతిదారులకు సరుకు ఇవ్వడమే గానీ మా పేరు మీద నేరుగా పంపలేదు.

పార్టీ రెండు మాటలు చెప్తున్నారు. ఒకటి, 20 శాతం అడ్వాన్స్, మిగతాది డీఏ 60 రోజులు (కాగితాలు ముందు, డబ్బు 60 రోజులకి). లేదంటే కొలంబో బ్యాంకు నుంచి సైట్ ఎల్‌సీ (కాగితాలు చూడగానే కడతామన్న బ్యాంకు హామీ), కన్ఫర్మేషన్ (దానికి ఇంకో బ్యాంకు పూచీ) లేకుండా. దీనికి తోడు ఇంకో రెండు కోరికలు: ఓడ ఒకట్రెండు రోజుల్లో చేరుతుంది కాబట్టి ఒక ఒరిజినల్ బీఎల్ (సరుకు ఎక్కించుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) నేరుగా తనకు కొరియర్ చేయాలట. డాలర్లు దొరక్కపోతే దుబాయ్‌లో ఉన్న వాళ్ల బంధువుల కంపెనీ నుంచి పంపిస్తారట. వీటిలో ఏది ఒప్పుకోవచ్చు, ఏది వద్దు?

ట్రేడ్‌డెస్క్_విజయవాడ:

డీఏ వద్దండి. వాళ్లు బిల్లు మీద ఒప్పుకుంటూ సంతకం పెట్టగానే అక్కడి బ్యాంకు కాగితాలు ఇచ్చేస్తుంది, సరుకు వాళ్ల గోడౌన్‌కి చేరుతుంది. మీకు మిగిలేది 60 రోజుల తర్వాత కడతామన్న సంతకం. ఆ బ్యాంకుది పోస్ట్‌మాన్ పని మాత్రమే. ఇలాంటి వసూళ్లకు వాడే యూఆర్‌సీ 522 నిబంధనల ప్రకారం డబ్బుకి దాని పూచీ ఉండదు. మొదటి పార్టీకి, అదీ 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసిన దేశంలోని పార్టీకి, ఈసీజీసీ (ఎగుమతి డబ్బుకి బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) లిమిట్ లేకుండా అరువు ఇవ్వకూడదు.

పద్ధతి పేరు ఏదైనా చూడాల్సింది ఒక్కటే: డబ్బు పడేలోపు ఒరిజినల్ బీఎల్ ఎవరి దగ్గర ఉంది? మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. వాటిలో ఏ ఒక్కటి షిప్పింగ్ లైన్ ఆఫీసులో ఇచ్చినా కంటైనర్ విడుదలవుతుంది, మిగతా రెండూ చెల్లవు. కాబట్టి ‘ఒక్కటే కదా’ అని కొరియర్ చేస్తే సరుకు ఇచ్చేసినట్టే. మిగతా రెండూ బ్యాంకులో పెట్టి లాభం లేదు.

అయితే పార్టీ చెప్పిన ఇబ్బంది నిజమే. చెన్నై–కొలంబో దగ్గరి దారి, బ్యాంకుల ద్వారా కాగితాలు వెళ్లేలోపు ఓడ చేరి కూర్చుంటుంది, పోర్టులో అద్దె పడుతుంది. దానికి మందు సరెండర్ బీఎల్. ఇలా అడగండి: 30 శాతం, అంటే 8,400 డాలర్లు ముందు. మిగతా 19,600 బీఎల్ స్కాన్ కాపీ చూపించాక. ఆ డబ్బు మీ ఖాతాలో పడ్డాకే మూడు ఒరిజినల్స్ చెన్నైలో లైన్ వాళ్లకు తిరిగి ఇచ్చి సరెండర్ చేయండి. వాళ్లు కొలంబో ఆఫీసుకి మెయిల్ పెడితే అక్కడ ఒరిజినల్ లేకుండానే సరుకు ఇస్తారు, కొరియర్‌తో పనే లేదు.

30 శాతం ఎందుకంటే, పార్టీ వెనక్కి తగ్గితే మీ మీద పడేవి మూడు: తిరుగు కిరాయి, పోర్టు అద్దె, ఈలోగా కాయ రేటు పడిపోతే ఆ తేడా. సీజన్‌లో మిర్చి రేటు ఐదో వంతు దిగడం యార్డులో అందరూ చూసిందే. 20 శాతం అడ్వాన్స్ ఆ ఒక్కదానికే సరిపోతుంది.

బీఎల్‌లో కన్సైనీ (సరుకు అందుకునేవారు) దగ్గర పార్టీ పేరు రాయించకండి. ‘టు ఆర్డర్’ (మీరు చెప్పినవాళ్లకే ఇవ్వాలని) అని రాయించి, పార్టీని నోటిఫై పార్టీగా (సరుకు చేరితే కబురు అందుకునేవారిగా) పెట్టండి. కంటైనర్ బుక్ చేసేటప్పుడే కొలంబోలో 14 ఫ్రీ డేస్ (అద్దె పడని రోజులు) అడిగి మెయిల్‌లో రాయించుకోండి. ఓడ ఎక్కాక అడిగితే ఇవ్వరు.

ఎల్‌సీ_పరిశీలన:

పై సలహాతో ఏకీభవిస్తాను. 28,000 డాలర్ల సరుకుకి ఎల్‌సీ ఖర్చు, తలనొప్పి రెండూ ఎక్కువే. కానీ పార్టీ 30 శాతానికి ఒప్పుకోకపోతే ఎల్‌సీయే దారి కాబట్టి, అప్పుడు వీటిని చూడండి. ఎల్‌సీ తెరిచే ముందే డ్రాఫ్ట్ తెప్పించుకోండి. తెరిచాక మార్పు కావాలంటే ప్రతిసారీ ఖర్చు, ఆలస్యం.

ఎల్‌సీ తెరుస్తూ బ్యాంకు పంపే ఎంటీ 700 మెసేజ్‌లో ఫీల్డ్ 49 కన్ఫర్మేషన్ గురించి. అక్కడ ‘వితవుట్’ అని ఉంటే కొలంబో బ్యాంకు మాట ఒక్కటే మీకు ఆధారం. ‘మే యాడ్’ లేదా ‘కన్ఫర్మ్’ అని పెట్టించి, ఆ బ్యాంకు మీద కన్ఫర్మేషన్ ఇస్తారా, ఎంత తీసుకుంటారని మీ బ్యాంకు ట్రేడ్ బ్రాంచిని ముందే అడగండి. కన్ఫర్మ్ అయితే, కాగితాలు సరిగ్గా ఉన్నంతవరకు కొలంబో బ్యాంకు కట్టినా కట్టకపోయినా మీకు డబ్బు వస్తుంది.

మిర్చిలో ఎక్కువ గొడవలు ఫీల్డ్ 45ఏ దగ్గర, అంటే సరుకు వివరం దగ్గర. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన కాయ ఆరుతూ బరువు తగ్గుతుంది. యూసీపీ 600 (ఎల్‌సీల అంతర్జాతీయ నిబంధనలు), 30వ ఆర్టికల్ ప్రకారం పరిమాణంలో 5 శాతం అటూ ఇటూ ఉన్నా ఒప్పే, మొత్తం ఎల్‌సీ విలువ దాటకపోతే. కానీ ఎల్‌సీలో పరిమాణాన్ని ‘350 బస్తాలు’ అని లెక్కతో రాస్తే ఆ వెసులుబాటు పోతుంది. పది బస్తాలు చెడి 340 ఎక్కించారనుకోండి, పేచీ మొదలు. కాబట్టి బస్తాల సంఖ్య లేకుండా ‘14 మెట్రిక్ టన్నులు, 5 శాతం అటూ ఇటూ’ అని రాయించి, డబ్బుకి కూడా ఫీల్డ్ 39ఏలో 5/5 పెట్టించండి. ఒకటి పెట్టి రెండోది మర్చిపోతే బరువు ఎక్కువైన మేరకు డబ్బు రాదు.

31డీలో గడువు ముగిసే చోటు ఇండియా అని ఉండాలి. శ్రీలంక అని ఉంటే మీ కాగితాలు ఆ తేదీలోపు కొలంబో చేరాలి, దారిలో కొరియర్ ఆలస్యమైతే ఆ నష్టం మీదే. 46ఏలో అడిగిన ప్రతి సర్టిఫికెట్ ఎవరు ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందే కనుక్కోండి. ‘కొనుగోలుదారు సంతకం చేసిన తనిఖీ పత్రం’ అనే షరతు కనిపిస్తే ఒప్పుకోవద్దు. ఆ సంతకం పెట్టకుండా ఆపితే ఎల్‌సీ చిత్తుకాగితమే.

కాగితాలు బీఎల్ తేదీ నుంచి 21 రోజుల్లో, ఎల్‌సీ గడువు దాటకుండా ఇవ్వాలి. ఫీల్డ్ 48లో వేరే సంఖ్య ఉంటే అదే లెక్క. చూడ్డానికి బ్యాంకుకి 5 పనిదినాలు. తప్పులుంటే అన్నీ ఒకే నోటీసులో చెప్పాలి, తర్వాత కొత్తవి తీయడం కుదరదు. ఇన్వాయిస్‌లో సరుకు వివరం ఎల్‌సీలో ఉన్నదానికి సరిపోలాలి. అక్కడ ‘తొడిమ లేని’ అని ఉండి మీరు ‘తేజ ఎండుమిర్చి’ అని మాత్రమే రాస్తే అది తప్పు కిందే లెక్క.

ఫారెక్స్_పత్రాలు:

దుబాయ్ సంగతి నేను చెప్తాను. మూడో పార్టీ నుంచి ఎగుమతి డబ్బు తీసుకోవడానికి ఆర్బీఐ ఒప్పుకుంటుంది, కానీ షరతులున్నాయి. బ్యాంకు దారిలోనే రావాలి, ఆ దేశం నల్లడబ్బును అడ్డుకునే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ నిబంధనలు పాటించేదై ఉండాలి (దుబాయ్ ఉన్న యూఏఈ 2024 ఫిబ్రవరిలో ఆ సంస్థ నిఘా పెట్టే గ్రే లిస్టు నుంచి బయటికొచ్చింది), ఎవరు కడతారో ఎగుమతి డిక్లరేషన్‌లో ముందే చూపాలి, ముగ్గురి మధ్య ఒప్పందమో దానికి సరిపడే రుజువో బ్యాంకుకి ఇవ్వాలి. సరుకు వెళ్లాక ‘ఇప్పుడు దుబాయ్ నుంచి వస్తుంది’ అంటే మీ బ్యాంకు ఆ డబ్బు ఆపి ప్రశ్నలు వేస్తుంది. కాబట్టి ఆ కంపెనీ పేరు ఇప్పుడే కాంట్రాక్టులో రాయించండి, లేదంటే ఆ దారి మూసేయండి.

‘చెన్నైలో మనవాళ్లు క్యాష్ ఇస్తారు’ అనే మాట వస్తే అక్కడితో బేరం ఆపేయండి. అది ఫెమా (విదేశీ మారక చట్టం) ఉల్లంఘన. పైగా షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌లో వేసే ఎగుమతి పత్రం) అక్కడి నుంచి, ఎగుమతి డబ్బు వచ్చిందో లేదో చూసే ఆర్బీఐ సిస్టం ఈడీపీఎంఎస్‌లోకి తనంతట తానే వెళ్తుంది, దానికి ఎదురుగా బ్యాంకు నుంచి విదేశీ జమ కనపడకపోతే ఆ బిల్లు డబ్బు రానట్టుగా తెరిచే ఉంటుంది. డబ్బు రాబట్టుకునే గడువును 2025 నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. అది దాటినా అలాగే ఉంటే తర్వాతి కంటైనర్ల కాగితాల దగ్గర కూడా బ్యాంకు మిమ్మల్ని నిలదీస్తుంది.

రూపాయల్లో కూడా తీసుకోవచ్చు. 2022 జులై నుంచి శ్రీలంకతో లావాదేవీలు ఏషియన్ క్లియరింగ్ యూనియన్ (కొన్ని ఆసియా దేశాల కేంద్ర బ్యాంకుల చెల్లింపుల ఏర్పాటు) బయట, అనుమతి ఉన్న ఏ కరెన్సీలోనైనా జరుపుకోవచ్చు. అదే నెలలో వచ్చిన ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతాల (విదేశీ బ్యాంకు ఇక్కడి బ్యాంకులో తెరిచే రూపాయి ఖాతాల) పద్ధతిలో పార్టీ బ్యాంకుకి ఇక్కడ ఖాతా ఉంటే ఇన్వాయిస్ రూపాయల్లోనే వేయొచ్చు, మీకు డాలర్ రేటు బెంగ ఉండదు. పార్టీని ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

గుంటూరు_తేజ:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. పార్టీ 30/70కి, సరెండర్ బీఎల్‌కి ఒప్పుకున్నారు. దుబాయ్ మాట తీసేశారు. ఇప్పుడు 8,400 పంపామని స్విఫ్ట్ కాపీ (బ్యాంకు డబ్బు పంపిన మెసేజ్ నకలు) పీడీఎఫ్ వాట్సాప్‌లో పెట్టారు. కాయ తొడిమలు తీయించడం మొదలుపెట్టొచ్చా?

ట్రేడ్‌డెస్క్_విజయవాడ:

ఇంకా వద్దు. పీడీఎఫ్ ఎవరైనా తయారు చేయొచ్చు. ఆ కాపీలో యూఈటీఆర్ అని గీతలతో కలిపి 36 అక్షరాల నంబర్ ఉంటుంది. దాన్ని మీ బ్యాంకు ట్రేడ్ డెస్క్‌కి ఇస్తే డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఉందో ట్రాక్ చేసి చెప్తారు. ఖాతాలో జమ అయ్యాకే కూలీలను పిలవండి.

పంపేటప్పుడు చార్జీలు ‘అవర్’ (అన్నీ పంపేవారివే) అని పెట్టమని చెప్పండి. ‘షా’ (ఇద్దరూ పంచుకోవడం) అని పెడితే మధ్య బ్యాంకు తన చార్జీ కోసుకుని మిగతాది పంపుతుంది. జమ కాగానే పర్పస్ కోడ్ పీ0103, అంటే ఎగుమతి అడ్వాన్స్, అని డిక్లరేషన్ ఇవ్వండి. మామూలు సర్వీస్ కోడ్ పడితే తర్వాత షిప్పింగ్ బిల్లుతో జత చేయడానికి మార్పించుకుంటూ తిరగాలి.

సీహెచ్ఏ_చెన్నై:

రెండు ముక్కలు కలుపుతాను. డబ్బు వచ్చే బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ మారకం చూసే బ్రాంచి నంబర్) చెన్నై పోర్టుకి కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. లేకపోతే షిప్పింగ్ బిల్లే వేయలేం, కంటైనర్ గేటు బయట ఉంటుంది. సీఎఫ్ఆర్ కాబట్టి ఇన్వాయిస్‌లో ఎఫ్‌ఓబీ విలువ (ఓడ ఎక్కించేవరకు సరుకు విలువ), కిరాయి విడివిడిగా చూపండి.

ఫైటోశానిటరీ (పురుగు, తెగులు లేవన్న) సర్టిఫికెట్‌కి కంటైనర్ నింపే ముందే దరఖాస్తు పెట్టండి. కాయ తేమ 11 శాతం దాటకూడదు. గుంటూరులో పొద్దున్నే చెమ్మలో నింపి చెన్నై ఎండలో పెడితే కంటైనర్ పైకప్పుకి నీళ్లు పట్టి పై వరుస బస్తాలు బూజు పడతాయి. కింద క్రాఫ్ట్ పేపర్, పక్కల చెమ్మ పీల్చే సంచులు కట్టండి.

ఫారెక్స్_పత్రాలు:

మిగతా 19,600 వచ్చే ముందు ఒక పని చేయండి. మార్పిడి రేటులో మీ బ్యాంకు ఎంత తీసుకుంటుందో పైసల్లో మెయిల్ మీద రాయించుకోండి. డాలర్‌కి రూపాయి తక్కువ ఇచ్చినా మొత్తం ఆర్డర్ మీద 28,000 రూపాయలు పోతాయి. క్లియరింగ్ కార్పొరేషన్ వాళ్ల ఎఫ్‌ఎక్స్ రిటైల్ అనే ప్లాట్‌ఫారం 2019 నుంచి ఉంది. మీ బ్యాంకు ద్వారా రిజిస్టర్ అయితే మార్కెట్ రేటు మీకే కనిపిస్తుంది, దానిమీద బ్యాంకు మార్జిన్ ఎంతో తేలిపోతుంది. రిజిస్ట్రేషన్‌కి కొన్ని రోజులు పట్టొచ్చు, ఈ వారమే మొదలుపెట్టండి. డబ్బంతా వచ్చాక విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ సైట్‌లో ఆ జమలను షిప్పింగ్ బిల్లుకి కలిపి ఈబీఆర్‌సీ (ఎగుమతి డబ్బు వచ్చిందన్న ఎలక్ట్రానిక్ సర్టిఫికెట్) మీరే తీసుకోవచ్చు.