హైవే మీద నిలకడగా పోని మియాటా: అలైన్‌మెంట్ చేయించినా ఎందుకిలా?

ప్రశ్న

డాలస్‌లో ఉంటాను. 2001 మాజ్దా మియాటా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అంతకుముందు మిషిగన్‌లో తిరిగిన బండి. పాత ఓనరు పొట్టి స్ప్రింగులు వేసి కాస్త కిందికి దించాడు. ఊళ్లో నడిపితే ఏ ఇబ్బందీ లేదు. హైవే ఎక్కి 65 మైళ్లు దాటిందంటే స్టీరింగ్ మీద పట్టు క్షణం కూడా సడలించలేను. ఒకే వైపు లాగడం కాదు, కాసేపు అటు, కాసేపు ఇటు పోతుంది. లారీలు తిరిగి గాళ్లు పడిన రోడ్డైతే ఇంకా ఎక్కువ. ఎడమ లేన్‌లోకి మారుతుంటే వెనక భాగం జారినట్టు అనిపించి గుండె ఝల్లుమంటుంది. కుడికి మారేటప్పుడు అలా ఉండదు. తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ కొంచెం కుడికి తిరిగి ఉంటుంది. కొత్త టైర్లు వేయించాను, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కూడా చేయించాను. రిపోర్టులో దాదాపు అన్నీ పచ్చరంగులోనే ఉన్నాయి. షాపులో అడిగితే “తేలిక బండి, ఇలాగే ఉంటుంది” అన్నారు. నిజమేనా అన్నా?

జవాబు

అస్సలు కాదు. మియాటా సుమారు 1,050 కిలోల బండి, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2,265 మిల్లీమీటర్లే. బరువు తక్కువ, పొడవు తక్కువ కాబట్టి చిన్న తేడా కూడా చేతికి తెలుస్తుంది, ఆ మాట నిజం. కానీ కోణాలన్నీ సరిగ్గా ఉంటే ఇదే బండి 75లో కూడా రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, తిన్నగా పోతుంది. భయపడుతూ నడపాల్సిన బండి కాదు ఇది.

రంగులు పక్కన పెట్టి అంకెలు చెప్పండి. నాలుగు చక్రాల టో, అంటే ఒక్కో చక్రం ముందు భాగం లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందో, విడివిడిగా కావాలి. టైర్లలో గాలి ఎంత? వెనక చక్రాలు సర్దారా, లేదా?

అడిగినవారు

రిపోర్టు చూసి రాస్తున్నాను. ప్లస్ అంటే టో-ఇన్ (లోపలికి), మైనస్ అంటే టో-అవుట్ (బయటికి).
ముందు టో: ఎడమ -0.06, కుడి -0.08 డిగ్రీలు. క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం): 4.1, 4.3. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం, మైనస్ అంటే లోపలికి): -1.3, -1.2.
వెనక టో: ఎడమ +0.22, కుడి -0.12. మొత్తం +0.10. థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు బండిని తోసే దిశ నడి గీతకు ఎంత పక్కకుందో) 0.17, ఇదొక్కటే ఎరుపు.
గాలి 35 పెట్టారు. వెనక బోల్టులు తిరగలేదని వదిలేశారు.

జవాబు

మీ భయానికి కారణం వెనక కుడి చక్రం. వెనక రెండూ కూడితే +0.10 వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంది. విడిగా చూస్తే ఎడమది లోపలికి, కుడిది బయటికి తిరిగి ఉన్నాయి. అంటే రెండూ కుడివైపే చూస్తున్నాయి. వెనక భాగం కుడికి తోస్తుంటే ముక్కు ఎడమకు తిరుగుతుంది. దాన్ని సరిపెట్టడానికి మీరు స్టీరింగ్ కుడికి పట్టుకుంటున్నారు. బండి రోడ్డు మీద కాస్త ఏటవాలుగా నడుస్తోందన్నమాట.

లేన్ మారడం సంగతి కూడా ఇక్కడే ఉంది. ఎడమకు తిప్పగానే బరువంతా కుడివైపు చక్రాల మీద పడుతుంది. సరిగ్గా ఆ సమయంలో వెనక కుడి చక్రం బయటికి చూస్తోంది కాబట్టి వెనక భాగాన్ని బయటికి లాగుతుంది. కుడికి మారేటప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, దానికి టో-ఇన్ ఉంది కనుక నిలబెడుతుంది. మీరు రాసిన లక్షణం అంకెలతో అచ్చంగా సరిపోయింది. వాన పడిన రోడ్డు మీద ఎడమ మలుపులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలకండి. ఇది సరయ్యేదాకా హైవే మీద వేగం తగ్గించి నడపండి. వెనక టో-అవుట్ ఉన్న రియర్ వీల్ డ్రైవ్ బండిని నేనైతే ఎవరికీ నడపమని ఇవ్వను.

ఇక అటూ ఇటూ పోవడం. దానికి ముందు చక్రాల టో కారణం. మొత్తం -0.14, అంటే రెండు చక్రాలూ బయటికి చూస్తున్నాయి. ఏ చక్రం మీద కాస్త బరువు పడితే బండి అటు పోతుంది, మరో గతుకు రాగానే ఇటు. మలుపుల్లో చురుగ్గా తిరగాలని ట్రాక్ మీద కొందరు కావాలనే ఇలా పెట్టుకుంటారు. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి వద్దు. క్యాస్టర్ కూడా తక్కువే. స్టీరింగ్ తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలి ఉంటే, టైరు నేలను తాకే చోటు ఆ ఇరుసు గీతకు వెనక పడుతుంది. అప్పుడు రోడ్డే చక్రాన్ని తిన్నగా లాగుతుంది. ఈ బండికి 5 డిగ్రీలు దాటించుకోండి.

ఈ రోజే చేయగలిగిన పని, ఖర్చు లేనిది: గాలి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ చూడండి, మీ 15 అంగుళాల చక్రాలకు 26 అని ఉంటుంది. పెద్ద కార్లకు పెట్టినట్టు 35 పెడితే ఇంత తేలిక బండి ప్రతి గతుక్కీ ఎగురుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచి 26కి దించండి.

మరో సభ్యుడు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. హైదరాబాద్‌లో నా హ్యాచ్‌బ్యాక్‌కు ఎప్పుడు అలైన్‌మెంట్ చేయించినా ముందు చక్రాలే సరిచేస్తారు. వెనకవి కూడా అడిగి చేయించాలా?

జవాబు

మన దగ్గర చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే బీమ్ ఉంటుంది, అక్కడ సర్దడానికి బోల్టే ఉండదు. కాబట్టి మీ షాపు వాళ్లు చేసేది సరైనదే. వెనక అంకెలు మాత్రం తప్పక చూడండి. తేడా కనిపిస్తే బీమ్ వంగిందో, బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) పోయాయో చూసుకోవాలి.

మియాటాకు నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. కింది ఆర్మ్ లోపలి చివర ఒక్కోదానికి రెండేసి క్యామ్ బోల్టులు. వాషర్ మీద గీతలుంటాయి, బోల్టు తిప్పితే ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతుంది. ముందు చక్రాల బోల్టులతో క్యాంబర్, క్యాస్టర్ సర్దుతారు. వెనక చక్రాల వాటితో క్యాంబర్, టో. మిషిగన్‌లో మంచుకు ఉప్పు చల్లుతారు కదా, ఆ తుప్పుకు బోల్టు బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోతుంది. బలవంతంగా తిప్పితే గొట్టంతో పాటు రబ్బరు చిరుగుతుంది. కొన్నాళ్లు పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పులోకి ఇంకే నూనె) కొడుతూ నానబెట్టండి. అప్పటికీ రాకపోతే కోసి, కొత్త బోల్టులు, కొత్త బుష్‌లు వేయించాల్సిందే. కొత్త బోల్టులకు యాంటీ-సీజ్ (అతుక్కోకుండా ఉంచే పేస్టు) పూయమనండి. బుష్ బోల్టులు చివరిగా బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది.

తరవాత అలైన్‌మెంట్‌కు వెళ్లినప్పుడు సగం ట్యాంకు పెట్రోలు, డ్రైవర్ సీట్లో మీ బరువుకు సమానంగా ఇసుక బస్తాలు. ఇంత తేలిక బండికి 75 కిలోలంటే చిన్న సంగతి కాదు. మొదట వెనక చక్రాలు సర్దాలి, ఆ తరవాతే ముందువి. అడగాల్సిన అంకెలు: వెనక టో ఒక్కో చక్రానికి +0.08 నుంచి +0.10, రెండువైపులా ఒకటే. థ్రస్ట్ సున్నాకు దగ్గరగా. ముందు టో మొత్తం +0.10 నుంచి +0.15. వెనక క్యాంబర్ ముందుకంటే కొంచెం ఎక్కువ నెగటివ్.

అడిగినవారు

గాలి 26కి దించగానే సగం టెన్షన్ పోయింది. బోల్టులు కోయాల్సే వచ్చింది, బుష్‌లు కొత్తవి వేశారు. ఇప్పుడు వెనక టో రెండువైపులా +0.09, ముందు మొత్తం +0.12, క్యాస్టర్ 5.3, 5.5. స్టీరింగ్ తిన్నగా ఉంది, ఎడమ లేన్‌కి మారితే ఆ జారుడు లేదు. లారీల గాళ్లలో మాత్రం కొంచెం లాగుతోంది. పార్కింగ్‌లో స్టీరింగ్ కాస్త బరువెక్కింది. ఇవి మామూలేనా?

జవాబు

బరువెక్కడం క్యాస్టర్ పెరిగినందుకు, మామూలే. ఎడమవైపు 0.2 తక్కువ ఉండడం కూడా మంచిదే. అమెరికాలో నీళ్లు పోవడానికి రోడ్డు కుడికి వాలి ఉంటుంది, బండి తక్కువ క్యాస్టర్ ఉన్న వైపు లాగుతుంది కనుక ఆ వాలుకు సరిపోతుంది. గాళ్లలో లాగడం వెడల్పు టైర్లకు కొంత ఉంటుంది. ఎక్కువైతే ముందు టైర్లు రెండూ ఎడమ కుడి మార్చి చూడండి, ఒకే దిశలో తిరిగే రకం కాకపోతేనే. లాగే వైపు కూడా మారితే తప్పు టైరుది. మారకపోతే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు (స్టీరింగ్, సస్పెన్షన్ కీళ్లు) చెక్ చేయించండి. కొత్త బుష్‌లు కుదురుకున్నాక టో ఇంకోసారి కొలిపించండి. ఈసారి రిపోర్టు తీసుకునేటప్పుడు వెనక ఎడమ, వెనక కుడి అంకెలు అక్కడే చదవండి.