అచ్చు పుస్తకాలు కొనడం ఆపి, డబ్బంతా డిజిటల్ చందాలకే పెట్టాలా?

గోదావరిగట్టు: మా విశ్వవిద్యాలయ గ్రంథాలయ కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. వచ్చే ఏడాది నుంచి అచ్చు పుస్తకాలు కొనరు. ఆ డబ్బు ఈ-పుస్తకాలకు, డేటాబేసులకు వెళుతుంది. విద్యార్థుల తరఫున కమిటీలో ఉన్న నేను దీన్ని సమర్థిస్తున్నాను. రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మూడేళ్లలో పుస్తకాల ర్యాకుల దగ్గరికి వెళ్లింది నాలుగైదు సార్లే. ఒకప్పుడు ఒక్క వ్యాసం కోసం ఐఐటీలో చదివే స్నేహితుణ్ణి బతిమాలుకునేవాణ్ణి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం ఒకే చందా’ పథకాన్ని ఆమోదించాక ఆ బాధ తప్పింది. చందా కేంద్రమే కడుతుంది: 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13 వేల పరిశోధన పత్రికలు. ఇంకా చెదలను మేపడం ఎందుకు?

బీరువాతాళం: బాబూ, నేను ముప్ఫై ఒక్క ఏళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నో డ్యూస్ సంతకం కోసం తప్ప నా గది గడప తొక్కని విద్యార్థులను వందలమందిని చూశాను, కాబట్టి నీ మాటకు నొచ్చుకోను. పత్రికల విషయంలో నువ్వు చెప్పింది నిజమే. కానీ ఆ పథకానికి కేటాయించిన 6,000 కోట్లు 2025 నుంచి 2027 వరకు, మూడేళ్లకే. తర్వాత ధర ఎంత చెబుతారో మన చేతుల్లో లేదు. రోజూ పాలు పోయించుకుంటున్నాం కదా అని పెరట్లో గేదెను అమ్ముకుంటామా?

మూడోబెంచీ: నేను గ్రూప్-2 అభ్యర్థిని. మా రీడింగ్ హాల్లో సగానికి పైగా మాలాంటివాళ్లమే. పుస్తకాలు మావే తెచ్చుకుంటాం. మాకు కావలసింది ఫ్యాను, కుర్చీ, నిశ్శబ్దం. ఏ పద్దులో ఎంత పెట్టినా సరే, హాలు మాత్రం రాత్రి పదికే మూయకండి.

చీకటిపల్లె: పథకాన్ని పొగిడేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అత్యధికులు ప్రైవేటు కళాశాలల్లోనే ఉన్నారు. నేను అలాంటి ఒక కళాశాలలో పాఠం చెబుతాను. మా లైబ్రరీలో కొత్త పుస్తకాలు దిగేది తనిఖీ బృందం వచ్చే ముందే. మీది ఏది కొనాలన్న తగువు, మాది అసలు ఏదైనా కొంటారా అన్న బెంగ!

పాతసంచిక: నాది తెలుగు సాహిత్యంలో పరిశోధన. ఆ 13 వేల పత్రికల్లో నాకు పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1930ల నాటి ‘భారతి’ సాహిత్య మాసపత్రిక సంచికలు కావాలంటే ఎక్కడికి వెళ్లాలి? 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి. విశ్వవిద్యాలయాలు చేయవలసిన పనిని ఒక ఊరి గ్రంథాలయం చేసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు, మంచిదే. తీరా చూస్తే కొన్నింటిలో పుటలు లేవు. పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్లు వారు రాయడం వల్ల వెతికినా దొరకవు. కొన్నేళ్లకు ఆ సైటే మూతపడింది. ఆ ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. 2024 అక్టోబరులో సైబర్ దాడితో అదీ కొన్ని రోజులు ఆగిపోయింది. ఆ వారం నా అధ్యాయం ఒక్క పేరా కదలలేదు.

గోదావరిగట్టు: దాడులు, ప్రమాదాలు కాగితానికీ ఉన్నాయండి. ఒక్క వాన కురిసి కప్పు కారితే చాలు. కానీ తెలుగు పుస్తకాల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. మా శాస్త్ర విభాగాల అలవాటును అందరికీ అంటగట్టాను. పాఠ్యపుస్తకాల పాత ముద్రణలు ఇరవై ప్రతులు పెట్టుకోవడం దండగ అన్న మాట మీద మాత్రం నిలబడతాను.

బీరువాతాళం: దండగే. నేనూ అలాంటివి వందలకొద్దీ రికార్డు నుంచి కొట్టేయించాను. ఆడిట్ వాళ్లకు ఒప్పజెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. నువ్వు కమిటీలో రెండు విషయాలు రాయించు. చందా ఆగిపోయాక కూడా, డబ్బు కట్టిన ఏళ్ల సంచికలు మనకు దక్కాలని ఒప్పందంలో ఉండాలి. చాలామంది సంతకం పెట్టేటప్పుడు ఆ షరతు చదవరు. రెండోది, తెలుగు, ఉర్దూ పుస్తకాల పద్దును ఈ ప్రతిపాదన నుంచి తప్పించాలి.

పాతసంచిక: మూడోది కూడా. స్కాన్ చేశాక అసలు ప్రతిని పారేయకూడదు.

గోదావరిగట్టు: సమావేశం గురువారం. మూడూ రాసుకున్నాను. మొదటిదాని గురించి చందాల ఏజెంటును అడిగితే “చూసి చెబుతా” అన్నాడు.