డీజిల్ ఫిల్టర్ మార్చినంక ఎయిర్ పడుతున్నది: బాంజో బోల్టులు ఎంత బిగించాలె?

నల్లగొండ_డీజిల్:
కామన్ రైల్ డీజిల్ కారు. ఫిల్టర్ డబ్బా తిప్పి ఎక్కించే రకం. పైన అల్యూమినియం హెడ్, దానికి రెండు బాంజో బోల్టులు (పైపు కొసకున్న రింగును, అంటే బాంజోను, హెడ్‌కు పట్టించేటివి, డీజిల్ వాటి లోపల్నుంచే పోతది). చెయ్యి పట్టే జాగ లేక హెడ్ మొత్తం దించి ఫిల్టర్ మార్చిన. రాత్రి ఆపితే పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా లేస్తలేదు, డీజిల్ ఎక్కించే హ్యాండ్ పంపు కొడితేనే లేస్తది. బయట ఎక్కడ గూడ తడి లేదు. బాంజో బోల్టులు ఇంకింత బిగిస్తే అయిపోతదా? టార్క్ (బిగింపు బలం) ఎంత?

పాలమూరు_పానా:
అన్నా, పానా జర పక్కకు పెట్టు. పాత రాగి వాషర్లే మళ్ల ఏసినవా? ఎయిర్ ఆడికెల్లే పడుతుండొచ్చు. బాంజో బోల్టుకు రెండు వాషర్లు: ఒకటి బోల్టు తల కింద, ఇంకోటి బాంజోకు హెడ్‌కు నడుమ. ఒకసారి నలిగిన వాషర్ గట్టిపడ్తది, మళ్ల సరిగ్గ కూసోదు. దాన్ని బిగించి కూసోబెడుదామంటే అల్యూమినియంల త్రెడ్ ఊడొస్తది, లేకుంటే నడుమ బొక్కలున్న బోల్టు మెడకాడ తెగుతది. రాగివైతే ఎర్రగ కాల్చి మెత్తగ చేస్కోవచ్చు గని, కొత్తయి ఏసుడే మేలు. అల్యూమినియం వాషర్లు, రబ్బరు అంచువి మాత్రం మళ్ల ఏయొద్దు.

తడి ఎందుకు లేదంటే, నీ బండిల హ్యాండ్ పంపు ఉన్నదంటే ఇంజన్ కాడి పంపు ట్యాంకుకెల్లి డీజిల్ గుంజుకునే రకం కావొచ్చు. గుంజే దిక్కు సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతది. బండి ఆగినంక పైపుల డీజిల్ మెల్లగ ట్యాంకుకు దిగిపోతది. ట్యాంకుల మోటరు ఉండి నెట్టే బండ్లల్ల అయితే కారుడు కండ్లకు కనవడ్తది.

టార్క్ మీ బండి మాన్యువల్‌ల ఉన్నదే పెట్టు. దొరక్కుంటే అల్యూమినియంల 12 ఎంఎం త్రెడ్ బాంజో బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల లోపల్నే ఆగు. హెడ్‌ను పట్టుకునే బ్రాకెట్‌కున్న 8 ఎంఎం త్రెడ్ బోల్టులకు గూడ దాదాపు అంతే. ఎయిర్ తీసే చిన్న స్క్రూకు 5 చాలు, అది తెగిందంటే తీసుడు పెద్ద తలనొప్పి.

టార్క్ రెంచ్ లేకుంటే లెక్క ఇట్ల: 15 సెంటీమీటర్ల పానా కొసకు 15 కేజీల బలం పెడితే 22 న్యూటన్ మీటర్లు. గదే పానాకు పైపు తొడిగి 45 సెంటీమీటర్లు చేస్తే, అదే బలానికి 66. త్రెడ్‌కు గ్రీసు, నూనె రాయకు. రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతది.

మొదటి మూడు నాలుగు చుట్లు చేతితోనే ఎక్కియ్యి. ఆడ పట్టేస్తే అడ్డంగ ఎక్కినట్టే, ఎనకకు తిప్పి మళ్ల పెట్టు.

మిర్యాలగూడ_మెకానిక్:
డబ్బా సంగతి మర్చిపోయిండ్రు. పాత గ్యాస్కెట్ హెడ్‌కే అతుక్కొని ఉంటే, కొత్తది దాని మీద కూసుంటది, అప్పుడు గూడ ఎయిర్ పడ్తది. గోరుతోని గీరి చూడు. కొత్త రబ్బరుకు డీజిల్ రాసి, హెడ్‌కు తాకేదాక తిప్పి, అక్కడికెల్లి ముక్కాలు చుట్టు. చెయ్యే చాలు. చైన్ పానా ఇప్పెటానికే, బిగించెటానికి గాదు. కింద నీళ్ల సెన్సారు ఉంటే దాని ఓ-రింగు గూడ కొత్తది ఏయి. ప్లాస్టిక్ త్రెడ్, అది గూడ చేతి బిగింపే.

నల్లగొండ_డీజిల్:
వాషర్లు పాతయే అన్నా. కొత్తయి ఏసినంక ఎయిర్ ఆగిందని ఎట్ల తెలుస్తది?

పాలమూరు_పానా:
షాపుకు పాత వాషర్ తీస్కపో, లోపలి బొక్క సైజు సూపెట్టి తెచ్చుకో. బిగించినంక ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాక పంపు కొట్టి, మూసి, పంపు గట్టిపడేదాక కొట్టు. కింద గుడ్డ పెట్టు, టైమింగ్ బెల్టు మీద డీజిల్ పడితే బెల్టు పాడైతది. సెల్ఫ్ 10 సెకన్లకు మించి పట్టొద్దు, నడుమ అర నిమిషం ఆపు. ఫిల్టర్‌కెల్లి పంపుకు పోయే పైపు జాగల తాత్కాలికంగ పారదర్శకం డీజిల్ పైపు ముక్క పెడితే బుడగలు కనవడ్తయ్. పైపుల బుడగలు లేకున్నా లేస్తలేదంటే ఎయిర్ కాదు, వేరే కారణం చూడాలె. రైల్ పైపుల (ఇంజెక్టర్ల దిక్కు పోయే హై ప్రెషర్ పైపుల) నట్లు మాత్రం ముట్టకు, ఇంజన్ నడిచేటప్పుడు అండ్ల వెయ్యి బార్‌కు పైన ఒత్తిడి ఉండొచ్చు.