కోటా బియ్యం తినాలా, అమ్మేసి సన్నబియ్యం కొనుక్కోవాలా?

సింగ్‌నగర్ వంటిల్లు:
సూటిగా అడుగుతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. చౌక డిపోలో మనిషికి 5 కిలోల చొప్పున ఉచితంగా వచ్చే బియ్యాన్ని మన ఇళ్ళల్లో ఎందుకు వండుకోవట్లేదు? మా లైన్లో సగం మంది సంచి మూతి కూడా విప్పకుండా వీధిలోకొచ్చే బండికి కిలో 12 రూపాయలకి ఇచ్చేస్తున్నారు, ఆ వెంటనే కొట్టుకెళ్ళి 55 పెట్టి సోనా రకం సన్నబియ్యం తెచ్చుకుంటున్నారు. నలుగురున్న ఇంటికి లెక్కేయండి. 20 కిలోలు అమ్మితే 240 వస్తుంది, అదే 20 కిలోలు సన్నవి కొంటే 1100 పోతుంది. అంటే నెలకి 860 రూపాయలు కేవలం మెతుకు సన్నగా ఉండటానికి పెడుతున్నాం. అదే ఇంట్లో నెలాఖరుకి పప్పు నీళ్ళలా ఉంటుంది, గుడ్డు ఆదివారమే కనిపిస్తుంది. 860తో ఒక అట్ట గుడ్లు (మా దగ్గర 200), రెండు కిలోల కందిపప్పు, కిలో వేరుశనగ గుళ్ళు వచ్చేసి, ఇంకా ఆకుకూరలకి మిగులుతుంది. అట్టలో 30 గుడ్లు, ఇద్దరు పిల్లలకి రోజు విడిచి రోజు ఒక్కోటి. నా బాధంతా ఇదే. సన్నమైనా లావైనా పాలిష్ పట్టాక బియ్యం బియ్యమే, 100 గ్రాముల్లో మాంసకృత్తులు 7, 8 గ్రాములు దాటవు. కందిపప్పులో 22 దాకా ఉంటాయి, వేరుశనగలో 25. డబ్బు ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.

ఆటో అన్న, గుంటూరు:
అక్కా, మీ లెక్కలో తప్పు లేదు. కానీ మా చిన్నోడు ఆ అన్నం చూస్తే కంచం పక్కకి నెట్టేస్తాడు. వండి పారేస్తే ఆ 860 ఎక్కడ మిగిలినట్టు? కొన్ని నెలలు బియ్యం బాగానే వస్తాయి, కొన్ని నెలలు సగం నూకలు, చేత్తో తీసుకుంటే ముక్కిపోయిన వాసన. పొద్దున 6కి బండి తీస్తే రాత్రి 9కి ఇంటికొస్తాను, ఆ ఒక్కపూట వేడన్నం నోటికి హితవుగా ఉండాలని కోరుకోవడం తప్పా? పేదోళ్ళం కాబట్టి ముతకది తినండి అనే మాట నాకు ఒంటికి పట్టదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి కార్డుల మీద సన్నబియ్యమే ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. మన ఆంధ్రలో కూడా బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2025 జూన్ నుంచి సన్నబియ్యం వండుతున్నారు. మధ్యాహ్నం బడిలో సన్నన్నం తిని వచ్చిన పిల్లాడు రాత్రి ఇంట్లో ఇది ఎలా తింటాడక్కా? అడగాల్సింది ప్రభుత్వాన్ని, మన ఆడవాళ్ళని కాదు.

వన్‌టౌన్ కుర్రాడు:
అసలు అందులో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు కదా? మా అమ్మ బియ్యం కడిగితే కొన్ని పైకి తేలుతున్నాయి, రంగు కూడా తేడాగా ఉన్నాయి. ఆ భయానికే మేం అమ్మేస్తున్నాం.

సింగ్‌నగర్ వంటిల్లు:
ముందు ప్లాస్టిక్ సంగతి, ఎందుకంటే ఈ పుకారు వల్లే చాలామంది ఇళ్ళల్లో ఆ బియ్యం పొయ్యెక్కట్లేదు. తమ్ముడూ, అవి ప్లాస్టిక్ కాదు, పోషకాలు కలిపిన గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మిషన్లో మళ్ళీ గింజ ఆకారంలో చేసి, 100 కిలోల మామూలు బియ్యంలో ఒక కిలో చొప్పున కలుపుతూ వచ్చారు (2026లో కేంద్రం తాత్కాలికంగా ఆపించింది). తేలిగ్గా ఉంటాయి కాబట్టి కొన్ని తేలతాయి. అమ్మ వాటినే ఏరి పారబోస్తుంటే అసలైనదే పోతోంది. రక్తం తక్కువని ఆడపిల్లలకి మాత్రలు మింగిస్తూ ఈ గింజల్ని సింకులో పోయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒక్క మాట, ఇంట్లో తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్నవాళ్ళుంటే మాత్రం డాక్టర్ని అడిగి పెట్టండి.

ఇక అన్న అడిగింది. ప్రభుత్వాన్ని అడగాలి, నేనూ మీ వెనకే వస్తాను, అందులో రెండో మాట లేదు. కానీ వాళ్ళు ఇచ్చేదాకా పిల్లల పప్పు డబ్బులు బియ్యం కొట్లో పొయ్యడం ఎందుకు? వాసన, ముద్ద, ఈ రెండూ వండటంలో చాలావరకు పోతాయి. కొత్త బియ్యం వచ్చినప్పుడు సోనాకి పోసినట్టు నీళ్ళు పోస్తే గుజ్జవుతుంది. నేను ముందు చేటలో చెరిగి నూకలు వేరు చేస్తాను (అవి ఉప్మాకి, పరమాన్నానికి). రెండుసార్లు మాత్రమే కడిగి, అరగంట నానబెట్టి, ఆ నీళ్ళు వంచేసి, గ్లాసు బియ్యానికి గ్లాసున్నర పైన కొంచెం నీళ్ళు, అర చెంచా నూనె. రెండు కూతలు రాగానే కట్టేసి, ఆవిరి దానంతటదే పోయేదాకా మూత తియ్యను. తీశాక గరిటె వెనక వైపుతో అంచుల నుంచి విప్పుతూ పళ్ళెంలో ఆరబెడితే మెతుకుకి మెతుకు అంటుకోదు. గంజి వార్చేవాళ్ళు ఆ గంజి పారబోయకండి, విటమిన్లలో కొంత అందులోకే దిగుతుంది. ఉప్పు, మజ్జిగ కలుపుకుని తాగండి, లేదా పప్పుచారులో పొయ్యండి, చారు చిక్కబడుతుంది.

అయినా పిల్లలు తినకపోతే రాత్రి అన్నానికి సన్నవి 5 కిలోలు విడిగా కొనండి, మిగతా కోటా బియ్యం అట్లకి, పులిహోరకి, చద్దన్నానికి వాడండి. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడేసి, పొద్దున పెరుగయ్యాక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటుంటే అది ఏ బియ్యమో నాలుకకి తెలియదు.

బాపట్ల మేష్టారు:
మీరంతా మోజుపడే ఆ సన్నబియ్యంలో పెద్ద పేరున్న బీపీటీ 5204 (సాంబ మసూరి) అనే వరి రకం మా బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టింది, 1986లో విడుదలైంది. అది వచ్చాకే మన ఊళ్ళల్లో సన్నన్నం ఇంటింటి మాట అయింది. ఆటో నడిపే అబ్బాయి చెప్పిన బాధలో న్యాయముంది, ఒప్పుకుంటాను. కానీ కోటా బియ్యం అమ్మడం, కొనడం రెండూ నేరమే, ఆ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మనం 12కి ఇచ్చిన బియ్యం ఎక్కడికి పోతున్నాయో తెలుసా? 2024 నవంబరులో కాకినాడ పోర్టులో ఓడలోనే రేషన్ బియ్యం దొరికాయి. మరికొన్ని పాలిష్ పట్టి సన్నగా చేసి మళ్ళీ మనకే అమ్ముతారు, అప్పుడు మన బియ్యమే మనం 50 పెట్టి కొన్నట్టు.

మిర్చి యార్డు హమాలీ:
నేను ఒంటరి మనిషిని, గదిలో పొయ్యి లేదు. నాలాంటోడికి అన్న క్యాంటీనే దిక్కు, పూటకి 5 రూపాయలు. 2019లో మూసేసినప్పుడు చాలా ఇబ్బంది పడ్డాం, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఆదివారం మాత్రం సెలవు. భోజనం బాగుంటుంది, అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు. కానీ బస్తాలు మోసేవాడికి అది చాలదు, గుడ్డు ఉండదు కదా. అందుకే నేను బయట టీ కొట్లో రెండు ఉడకబెట్టిన గుడ్లు కలుపుకుంటాను, రెండు వేరుశనగ ఉండలు జేబులో పెట్టుకుంటాను. మా వాళ్ళు కొందరు క్యాంటీన్లో తింటే పరువు తక్కువని 80 పెట్టి బిర్యానీ పొట్లం తింటారు, అందులో ముక్క బొటనవేలంత ఉంటుంది. అక్క చెప్పేదే నాకు నచ్చింది, డబ్బు పప్పు మీద, గుడ్డు మీద పెట్టాలి.

ఆటో అన్న, గుంటూరు:
నేను నా మాట మీదే ఉన్నాను, సన్నబియ్యం మన హక్కు. బండికి అమ్మడం మాత్రం ఈ నెల ఆపి చూస్తాం, మా ఇంటావిడ మీ పోస్టు చదివి అట్ల కొలత అడగమంది. ఇంకోటి, మా అమ్మకి షుగరు, ఈ లావు బియ్యం తింటే తగ్గుతుందని పక్కింటివాళ్ళు చెబుతున్నారు, నిజమేనా?

సింగ్‌నగర్ వంటిల్లు:
కాదన్నా, లావుగా ఉన్నంత మాత్రాన షుగరు తగ్గదు, రెండూ పాలిష్ బియ్యమే. అమ్మకి అన్నం రెండు గరిటెలకి తగ్గించి పప్పు, కూర రెట్టింపు వెయ్యండి. మీ గుంటూరు కొల్లిశారద కూరగాయల మార్కెట్లో సాయంత్రం పూట వెళితే తోటకూర, గోంగూర కట్టలు తగ్గించి ఇస్తారు. తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట ఆగమనండి, టీ తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

అట్లకి నాలుగు గ్లాసుల కోటా బియ్యం, ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. ఐదారు గంటలు నానాలి. ఎండాకాలమైతే పిండి త్వరగా పులుస్తుంది, పొద్దున రుబ్బి సాయంత్రమే పోసేయమని చెప్పండి వదినకి.