సమస్యాపూరణం: చక్రమునకు మూల చక్కనమరె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, ఆటవెలది అనే ఛందస్సులో నాలుగో పాదం (ముందు మూడు పాదాలు మీరు పూరించాలి):

చక్రమునకు మూల చక్కనమరె

సందర్భం కూడా నేనే ఇస్తున్నా. మార్చి 14న ఇంట్లో పై డే పార్టీ. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే ‘పై’ విలువ 3.14తో మొదలవుతుంది, అమెరికా వాళ్ళు ఈ తేదీని 3/14 అని రాస్తారు కాబట్టి ఆ రోజు లెక్కల పిచ్చోళ్ళందరికీ పండగ. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం మ్యూజియంలో లారీ షా అనే భౌతికశాస్త్రవేత్త మొదలుపెట్టాడు. పండ్లు పెట్టి కాల్చే గుండ్రటి వంటకం పేరూ ‘పై’నే కాబట్టి, ఆ పైలు తినడం అప్పటి నుంచే ఆనవాయితీ. మన పార్టీ మధ్యాహ్నం 1:59కి మొదలు, 3.14 తర్వాత వచ్చే అంకెలు అవే మరి. వచ్చేవాళ్ళు గుండ్రటిదేదో ఒకటి పట్టుకు రావాలి, పప్పుచెక్కలైనా ఫరవాలేదు. పూరణలో పార్టీ కనబడాలి, వృత్తానికి మూల ఎలా వచ్చిందో నమ్మించాలి.

బూరెలబుట్ట:
పైలు పేర్చ నొక్క బల్ల గుండ్రనిదాయె
నడుమ నిడిన జనులు నడువలేరు
గోడ చెంత కపుడు కొంచెము జరిపితి
చక్రమునకు మూల చక్కనమరె

నిర్వాహకుడు:
హాయిగా ఉంది. సమస్యలోని మాటలను విరిచి వేరే అర్థం లాగకుండా, హాల్లో ఒక మూల చూపించేశారు. బల్లను చక్రం అంటే ఒప్పుకోమని ఎవరైనా పేచీ పెడతారేమో, మొదటి పాదంలోనే గుండ్రనిదని చెప్పారు కనుక చెల్లుతుంది. ‘పై’కి ‘బ’ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడు కుదిరే అక్షరం) కూడా సరే. ఒక్క మాట, పద్యం బయటిది: తిండి బల్లను మూలకు నెడితే పార్టీ అంతా ఆ మూలనే ఇరుక్కుంటుంది!

పూతరేకు:
కత్తి పట్టి పైని కచ్చితంబుగ గోసె
నెనిమిదైన ముక్క లెదుట బెట్టె
కొనల జూచి పిల్ల గొల్లున నవ్వెను
చక్రమునకు మూల చక్కనమరె

బూరెలబుట్ట:
భలే! కోస్తే ప్రతి ముక్కకీ ఒక మూల వస్తుంది, ఎనిమిది ముక్కలైతే మొన దగ్గర 45 డిగ్రీలు. కానీ పూతరేకు గారూ, ఒక్క పిల్ల గొల్లున నవ్వదండీ, దానికి గుంపు కావాలి. ‘కొనల జూచి సభయె గొల్లున నవ్వెను’ అంటే గణాలూ (పొట్టి, పొడుగు అక్షరాల గుంపులు) చెడవు, పార్టీ కూడా కనబడుతుంది.

పూతరేకు:
సభయె బాగుంది, మార్చేస్తున్నా.

కొత్తసభ్యుడు:
మొదటి పాదం ఒక్కటే కుదిరింది, చూడండి: ‘పార్టికొచ్చినారు ఫిజిక్సు వాళ్ళంత’.

నిర్వాహకుడు:
అక్కడే తట్టుకుంది. ‘ఫిజిక్సు’ లఘువు (పొట్టి), గురువు (పొడుగు), లఘువు. అక్కడ రావలసింది ఇంద్రగణం, అలా మొదలయ్యే ఇంద్రగణం లేదు. పైగా ‘పా’కి ‘ఫి’ యతి పడదు. ‘పార్టికొచ్చినారు భౌతికజ్ఞులు నేడు’ అనండి, రెండూ తీరతాయి. మిగతా రెండు పాదాలు పంపండి.

కోణమానిని:
ఆరు మూలలుండె నాదిగా, పెంచుచు
తొంబదారు జేయ తుల్యమాయె
కాగితంపు టోపి కత్తిరించితి గాన
చక్రమునకు మూల చక్కనమరె

నిర్వాహకుడు:
ఈ వారం నాకు నచ్చిన ఊహ ఇదే. గ్రీకు గణితవేత్త ఆర్కిమెడిస్ వృత్తానికి లోపలా బయటా షడ్భుజులు గీసి, భుజాలు రెట్టింపు చేసుకుంటూ 12, 24, 48, చివరికి 96 దాకా వెళ్ళాడు. ఆయనకు దొరికింది పై విలువ 223/71కీ 22/7కీ మధ్య ఉంటుందని. మనం బళ్ళో బట్టీ పట్టిన 22/7 అసలు విలువ కన్నా కొంచెం ఎక్కువే. దాన్ని టోపీల కత్తిరింపులోకి తేవడం మామూలు విషయం కాదు.

అయితే ‘తుల్యమాయె’ దగ్గర ఒప్పుకోను. ఎన్ని మూలలు పెట్టినా అది వృత్తానికి దగ్గరవుతుందే గానీ సమానం కాదు. ఆర్యభటుడు వ్యాసం 20000 అయితే చుట్టుకొలత 62832 అని చెప్పి, ఇది ‘ఆసన్నం’, అంటే దగ్గరి విలువ మాత్రమే అని జాగ్రత్త పడ్డాడు. లెక్కలవాళ్ళ పార్టీలో ఆ పద్యం చదివితే తినే పై పక్కన పెట్టి మీ మీద పడతారు.

కోణమానిని:
‘తొంబదారు జేయ దోచె సున్న’ అంటే?

నిర్వాహకుడు:
అద్భుతం! తోచింది అన్నారు, అయిందనలేదు. తొ-దో యతి కూడా చక్కగా పడింది. టోపీలు మీరే కత్తిరించి తెండి.

పూతరేకు:
96 మూలలా? పిల్లల చేతికి కత్తెరిస్తే 12 దగ్గరే ఆగుతుంది.

నిర్వాహకుడు:
12 చాలు. తేదీని రోజుతో మొదలుపెట్టి రాసే మనలాంటి వాళ్ళకు జులై 22 కూడా పండగే, 22/7 కదా. అప్పటికి ఈ పాదం పూరించి ఉంచండి: ‘లేదు లేదటంచు లెక్క కుదిరె’.